పొట్టి గొట్టం, పొడుగు గొట్టం

బల్ల మీద రెండు గొట్టాలున్నాయి. ఒకటి మోచెయ్యంత, ఇంకొకటి మనిషి కాలంత. రెండింటి చివరా ఎర్రటి ఫిల్టర్లు. అమ్మలు పొట్టిదాన్ని చేతిలోకి తీసుకుని, లోపలికి ఊది చూసి, కింద పెట్టేసి, మళ్ళీ తీసుకుంది. పొద్దుట్నించీ ఇదే వరస.

"అరిగిపోతుందే, పెట్టేయ్" అన్నాడు నాన్న, ఇంజన్లోంచి తలెత్తకుండానే.

కారుతో పాటు కంపెనీ ఇచ్చే గాలి డబ్బా ఒకటుంటుంది, నల్లగా, ఇస్త్రీపెట్టంత. దాన్ని పీకేసి ఇలాంటి గొట్టం బిగిస్తే ఇంజను గుండెల నిండా గాలి పీలుస్తుందని పందేలవాళ్ళ ఆశ. పొట్టిదైతే బానెట్ కిందే, ఇంజను పక్కనే ఆగిపోతుంది. గాలికి దగ్గర దారి కాబట్టి యాక్సిలరేటర్ మీద కాలు ఆనిస్తే చాలు, బండి ఉరుకుతుంది. పొడుగుదైతే వంకర్లు తిరుగుతూ కిందికి దిగి బంపర్ వెనక తేలుతుంది. బయటి గాలి తగులుతుంది గానీ చుట్టుదారి. ఏది మేలని అడిగితే పదిమంది పది రకాలు చెబుతారు. అందులో తొమ్మిదిమంది ఏ గొట్టమూ బిగించి చూసిన పాపాన పోలేదు.

ఈ రెండూ టైర్ల షాపాయన పంపించాడు. ఆయన దగ్గర ఒక్కో రకం ఒక్కొక్కటే మిగిలిందట. ఆదివారం కొండ రోడ్డు మీద పందెం. పొద్దున ఉత్తుత్తి పరుగు, మధ్యాహ్నం అసలుది. ఆ అసలు పరుగులో అమ్మలు, బ్రేకు ఇద్దరిలో ఎవరు తొందరగా కొండెక్కితే వాళ్ళకే ఏడాదంతా తన షాపు పేరుతో బండి నడిపే అవకాశమని మాటిచ్చాడు. ఒక్కటే సీటు. రెండో మనిషి ఇంటికెళ్ళి పంక్చర్లు వేసుకోవడమే.

బ్రేకంటే అమ్మలు మేనత్త కొడుకు. చిన్నప్పుడు బ్రేకుల్లేని సైకిలు తొక్కి గోడలకి గుద్దుకునేవాడు కాబట్టి ఆ పేరు. ఇద్దరూ ఒక ఈడువాళ్ళే, ఒక షెడ్డులోనే గ్రీజు పూసుకుని పెరిగారు. ఆ షెడ్డు బ్రేకు వాళ్ళ నాన్నది. అందరూ ఆయన్ని షెడ్డు మామయ్య అంటారు. పనంతా అమ్మలు వాళ్ళ నాన్నది, బోర్డు మీద పేరు మాత్రం మామయ్యది. ఒకే రకం పాత బళ్ళు రెండు తెచ్చి, ఇద్దరికీ ఒకేలా నాన్నే తయారుచేశాడు. అందుకే ఇప్పుడు తేడా అంటే ఈ గొట్టం దగ్గరే.

"బావగారూ, రోలర్ల మీద పెట్టి చూద్దాం. చూశాక మీరే ఎంచుకోండి" అన్నాడు నాన్న, షెడ్డులోకి వచ్చిన మామయ్యతో.

మీరే ఎంచుకోండి. ఆ మాటకి అమ్మలు పొట్టి గొట్టాన్ని ఠపీమని బల్ల మీద పెట్టేసింది.

రోలర్ల మిషను పక్క వీధిలో ఉంది. కారు ముందు చక్రాలు రెండు లావుపాటి రోలర్ల మీదికెక్కించి, బెల్టులతో కట్టేసి, కాలు నొక్కిపడితే బండి కదలకుండానే పరుగెడుతుంది. ఎంత బలముందో మీటరు గీత గీసి చూపిస్తుంది. ఎదురుగా మనిషెత్తు ఫ్యాను పెట్టాడు రోలర్లాయన. బెల్టులు లాగి చూసుకుని, బానెట్ దించబోయాడు.

"ఉండనీ" అన్నాడు నాన్న. "గొట్టం ఎక్కడైనా వదులైతే కనపడాలి కదా."

రోలర్లాయన భుజాలెగరేసి బానెట్ అలాగే వదిలేశాడు. ఫ్యాను గాలికి దాని మీది దుమ్మంతా లేచి అమ్మలు మొహాన పడింది.

ముందు పొడుగుది పెట్టి తిప్పారు, తర్వాత పొట్టిది. పొట్టిది పెట్టాక చప్పుడే మారిపోయింది. కాలు పెట్టగానే ఇంజను ఇంతెత్తున లేచింది, మీటరు మీద గీత నిటారుగా పైకి పోయింది. మామయ్య మొహం వెలిగిపోయింది.

"ఇంకేముంది, పొట్టిదే మావాడికి" అన్నాడు. అనేసి, అమ్మలు వంక చూసి, "నువ్వు ఎలాగూ నెమ్మదస్తురాలివి కదమ్మా, నీకు ఏదైనా ఒకటే" అని నవ్వాడు.

"అలాగే బావగారూ" అన్నాడు నాన్న.

అమ్మలుకి పళ్ళు పటపటా కొరకాలనిపించింది. బ్రేకు మాత్రం గీతని చూడకుండా బెల్టుల్ని చూస్తూ నిలబడ్డాడు. సిగ్గుపడుతున్నాడని తెలుస్తూనే ఉంది. కానీ సిగ్గుపడేవాడు నోరు తెరిచి వద్దనొచ్చుగా. అనలేదు.

మర్నాడు, శుక్రవారం, బిగింపు. బ్రేకు బండికి పని చిటికెలో అయిపోయింది. రెండు క్లిప్పులు, ఒక బోల్టు, అంతే. అమ్మలు బండికే వచ్చింది తంటా. బంపర్ ఊడదీయాలి, చక్రం పైనున్న ప్లాస్టిక్ రేకు కోయాలి, గొట్టం దూరడానికి సందు చెయ్యాలి. నాన్న నేల మీద గోనెపట్టా పరుచుకుని కిందకి దూరాడు. అమ్మలు పైనుంచి గొట్టం దింపుతుంటే ఆయన కిందనుంచి అందుకుంటున్నాడు.

"ఎడమకి తిప్పు. ఇంకాస్త. చాలు."

"చాల్లే, మనకి ఏదైనా చాలు" అంది అమ్మలు.

కిందనుంచి పానా తిరుగుతున్న చప్పుడు మాత్రం వినపడింది.

"నీకు 'అలాగే బావగారూ' తప్ప ఇంకో మాట రాదా నాన్నా? నోట్లో నాలుక లేదా? బండి చేసింది నువ్వు. రెండూ నువ్వే చేశావ్. ఒక్కసారి, ఇది మా అమ్మాయికని అంటే నీ సొమ్మేం పోయేది?"

"దీపం ఇటు పట్టు."

పట్టింది. పట్టక చస్తుందా. నాన్న ఒక రేకు ముక్క తీసుకుని, సుత్తితో అంచులు మడిచి, ఫిల్టర్ కింద గొడుగులా బిగించాడు, రోడ్డు మీది నీళ్ళు చిమ్మితే ఇంజను మింగకుండా. మడిచిన అంచుని బొటనవేలితో తడిమి, గరుకు తగిలినచోట ఆకురాయితో రుద్దాడు. గొట్టం బానెట్‌కి తగులుతుందేమోనని రబ్బరు చుట్టాడు. ఇంత శ్రద్ధ దేనికో అమ్మలుకి అర్థం కాలేదు. తప్పు చేసినవాడు పిల్లకి మిఠాయి కొనిపెట్టినట్టుందని మాత్రం అనిపించింది.

శనివారం ఊరి బయట ఖాళీ రోడ్డు మీద బండి తోలి చూసింది. చెడ్డగా లేదు. కానీ కాలు పెట్టాక అరక్షణం ఆలోచించుకుని కదులుతోంది. ఆ అరక్షణం అమ్మలు ప్రాణానికొచ్చింది. వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. నాన్న రోడ్డు పక్కన నిలబడి చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని వింటున్నాడు. ఆయనది ఎప్పుడూ అదే పద్ధతి. కూతురు నడుపుతుంటే పక్కన కూర్చున్నది ఒక్కనాడూ లేదు. ఇంజను సంగతి బయటనుంచి వింటేనే తెలుస్తుందంటాడు. ఇప్పుడైతే కూర్చుందామన్నా వీల్లేదు. బరువు తగ్గాలని రెండు బళ్ళలోనూ పక్క సీట్లు పీకి షెడ్డులో అటక మీద పడేశారు.

"నత్తలా ఉంది" అంది దిగి, తలుపు ధడాలున వేసి.

"బానే ఉంది. రేపటిదాకా ఓపిక పట్టు."

"రేపు మాత్రం ఏం మారుతుంది?"

నాన్న బానెట్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచాడు. "ఎండ కాస్తుంది" అన్నాడు.

ఎండ కాస్తే ఏమిటట? ఈయనకి మతి పోతోంది అనుకుంది అమ్మలు.

ఆదివారం నిజంగానే ఎండ పేలిపోయింది. కొండ కింద బళ్ళు వరసకట్టాయి. ఒక్కొక్కటీ జెండా ఊపాక పైకి పోవాలి. బ్రేకు ముందు, వాడి వెనక అమ్మలు. ఇంకాసేపట్లో వంతు వస్తుందనగా పైన ఎవడో మలుపులో ఇసుక బస్తాల్ని గుద్దేశాడు. అవన్నీ సర్దేదాకా ఎక్కడి బళ్ళు అక్కడే. ఇంజన్లు కొంతమంది ఆపారు, కొంతమంది ఆపలేదు. కొందరు బానెట్లు ఎత్తిపెట్టారు. బ్రేకు కూడా ఎత్తబోతే మామయ్య పరుగెత్తుకొచ్చాడు.

"మూసేయ్, మూసేయ్. ఏం గొట్టం పెట్టామో ఊరందరికీ చూపిస్తావా? ఇవాళ చూసి రేపు అందరూ అదే కొంటారు."

బ్రేకు మూసేశాడు. కాపీ కొట్టేస్తారని ఆయనకి భయం. పరీక్షహాల్లో కాగితం దాచుకునే పిల్లకాయ బుద్ధి, జుట్టు నెరిసినా పోలేదు.

వంతు వచ్చింది. జెండా లేచింది. బ్రేకు బండి కదిలింది గానీ, అదేం కదలడం? దగ్గొచ్చిన మనిషిలా గొంతు పట్టేసి, మొదటి ఎత్తు మీద ఈడ్చుకుంటూ పోయింది. సగం దూరం పోయాక గానీ ఊపందుకోలేదు. వెనకే అమ్మలు వెళ్ళింది. తన బండి ఆ అరక్షణం ఆలోచించుకుంది, తర్వాత ఒక్క గుక్కలో పైకి లాగేసింది. మలుపుల్లో చేతులు వాటంతటవే తిరిగాయి. పైన కాలం చదివేవాడు అంకెలు చెబితే ఇద్దరికీ మధ్య తేడా విని జనం ఈల వేశారు.

ఉత్తుత్తి పరుగే కదా. అయినా కొండ దిగి వచ్చేసరికి మామయ్య కొడుకుని అందరి ముందూ దులిపేస్తున్నాడు. "మంచి గొట్టం నీకిస్తే, చెత్తది పెట్టుకున్న పిల్ల నీ కళ్ళముందు దూసుకుపోయింది. సిగ్గులేదూ?" బ్రేకు హెల్మెట్ చేతిలో పట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు.

మామయ్య అటు పోయాక అమ్మలు వాడి పక్కకి వెళ్ళింది.

"ఏమైందిరా?"

"ఏమో. నొక్కుతున్నా, పోవట్లేదు. బండిలో ఏం లేదే, గురువారం చూశాంగా ఎలా లేచిందో. నాకే చేతకావట్లేదు."

"నోర్ముయ్."

"నిజమే అమ్మలూ. భయపడ్డానేమో. భయపడ్డట్టు తెలీలేదు గానీ, పడే ఉంటాను."

అమ్మలు వాడి బానెట్ కాస్త ఎత్తి లోపల చెయ్యి పెట్టింది. గొట్టం చురుక్కుమంది. చెయ్యి లాక్కుని వేళ్ళు నోట్లో పెట్టుకుంది. ఫిల్టర్ చుట్టూ పొయ్యి మీది ఆవిరిలా వేడి. తన బండి దగ్గరికెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, బంపర్ కిందినుంచి ఫిల్టర్ ముట్టుకుంది. చల్లగా ఉంది. నాన్న ఆకురాయితో రుద్దిన రేకు అంచు వేళ్ళకి నునుపుగా తగిలింది.

ఇంజను వేడిగాలినే మళ్ళీ మళ్ళీ మింగితే దానికి ఊపిరెక్కడాడుతుంది? రోలర్ల మీద ఆడిందంటే బానెట్ తెరిచి ఉంది, ఎదురుగా మనిషెత్తు ఫ్యాను ఉంది. బానెట్ తెరిచుంచమన్నదెవరు?

నాన్న బళ్ళని మోసుకొచ్చిన లారీ నీడలో కూర్చుని ఉన్నాడు. నీళ్ళ సీసా మూత బిగిస్తున్నాడు.

"ఆ రోజు బానెట్ ఎందుకు దించనివ్వలేదు?"

మూత బిగిసిపోయింది. అయినా నాన్న బిగిస్తూనే ఉన్నాడు.

"గొట్టం కనపడాలని."

"నాన్నా."

"మెల్లగా మాట్లాడు." ఆయన చుట్టూ చూశాడు. "నేనెవరికీ అబద్ధం చెప్పలేదు. ఎంచుకోమన్నాను, ఎంచుకున్నాడు. మూసి చూపిస్తే ఏమయ్యేదో నువ్వే చెప్పు. పొడుగుది వాడికి, పొట్టిది నీకు. మంచి ముక్క ఎప్పుడైనా మనకి వదిలాడా మీ మామయ్య? అడిగితే ఇవ్వడు. అందుకని అడగలేదు."

అమ్మలుకి ముందు ఒళ్ళంతా సంతోషం పాకింది. నిజం, దాచడమెందుకు? నోట్లో నాలుక లేదనుకున్న మనిషి నోరు మెదపకుండానే మామయ్య నెత్తిన చెయ్యి పెట్టాడు. అదీ తన కోసం. ఇంకేం కావాలి? మధ్యాహ్నం ఎండ ఇంకా ముదురుతుంది. వరసలో నిలబెడితే చాలు, సీటు తనదే.

"వెళ్ళి కాస్త తిను. పొద్దున్నలాగే తోలు. చాలు" అన్నాడు నాన్న.

తినడానికి కూర్చుంది. సగంలోనే లేచి టైర్లలో గాలి చూసింది, చూసినదాన్నే మళ్ళీ చూసింది. అక్కడ బ్రేకు ఇసుక బస్తా మీద కూర్చుని ఖాళీ గాలిలో స్టీరింగు తిప్పుతున్నాడు, ఏ మలుపులో ఏం తప్పు చేశాడో వెతుక్కుంటూ. వాడు తప్పు చెయ్యలేదు. ఆ సంగతి ఈ కొండ కింద ఇద్దరికే తెలుసు. వాడివ్వాళ ఓడిపోతే ఇక జీవితాంతం, నాకు చేతకాదు, భయపడ్డాను అనుకుంటూ పంక్చర్లు వేస్తాడు. గురువారం నోరు తెరవలేదని వాడి మీద కోపం పెట్టుకుంది. మరి ఇప్పుడు తన నోటికేమైంది?

అసలు పరుగుకి మళ్ళీ వరస కట్టారు. మళ్ళీ బ్రేకు ముందు, తను వెనక. అమ్మలు బెల్టు పెట్టుకుంది. చేతికి తొడుగులు వేసుకుంది. ముందు బండి బానెట్ మీద గాలి సెగకి అలలు అలలుగా వణుకుతోంది. వరస ఒక బండి ముందుకి జరిగి ఆగిపోయింది. ఇంకా చాలా బళ్ళున్నాయి.

తొడుగులు తీసేసింది. మళ్ళీ వేసుకుంది. "నీ మొహం మండా" అని తనని తనే తిట్టుకుని, బెల్టు ఊడదీసి దిగింది.

దూరంగా లారీ దగ్గర నాన్న నిలబడటం కనిపించింది. చూడనట్టు నడిచి వెళ్ళి బ్రేకు బండి బానెట్ ఎత్తి, ఊచ పెట్టి నిలబెట్టింది. వేడి ఒక్కసారిగా మొహానికి కొట్టింది.

"ఏంటే?" అన్నాడు బ్రేకు కిటికీలోంచి తల పెట్టి.

"ఇంజను ఆపు. జెండావాడు నిన్ను పిలిచేదాకా దీన్ని దించకు. మూసుంచితే నీ గొట్టం వేడిగాలి మింగుతుంది. పొద్దున జరిగిందదే. నువ్వు బాగానే తోలావ్."

మామయ్య అప్పటికే వచ్చేశాడు. "ఏయ్, ఎవరెత్తమన్నారు? అందరూ చూస్తున్నారు, దించు."

"చూడనీ మామయ్యా. చూస్తే అరిగిపోదు."

ఆయన దించబోయాడు. బ్రేకు తలుపు తీసుకుని దిగి ఊచని చేత్తో పట్టుకున్నాడు. "ఉండనీ నాన్నా" అన్నాడు. తండ్రికి వాడు ఎదురుచెప్పడం అమ్మలు చూడ్డం అదే మొదలు. మామయ్య ఏదో గొణుక్కుంటూ పక్కకి తప్పుకున్నాడు.

బ్రేకు ఆమె వంక చూశాడు. "నాకెందుకు చెప్తున్నావే?"

"నాకూ తెలీదు. నోర్మూసుకుని నడుపు."

వచ్చి బండిలో కూర్చుంది. బెల్టు పెట్టుకుంది. లారీ వైపు చూడాలంటే భయమేసింది, చూడలేదు.

జెండా లేచింది. బ్రేకు బండి మొదటి ఎత్తుని ఎత్తుకెళ్ళిపోయింది. గురువారం విన్న చప్పుడే, కొండంతా మోగింది. తర్వాత అమ్మలు. ఈసారి ఎవరితోనూ కోపం లేదు, చెయ్యాల్సింది తప్ప ఏదీ గుర్తులేదు. ఎక్కడ కాలు తియ్యాలో అక్కడ తీసింది, తియ్యనక్కర్లేని ఒకచోట తియ్యలేదు. పొద్దున్నకంటే బాగా వెళ్ళింది. ఆ సంగతి పైకి చేరకముందే తెలుసు.

కాలం చదివేవాడు అంకెలు రెండుసార్లు చదివాడు. తప్పు విన్నామేమోనని జనం అడిగితే మూడోసారి కూడా చదివాడు. రెప్పపాటు తేడా. రెప్పపాటులో సగమనుకోండి. గెలిచింది బ్రేకు.

టైర్ల షాపాయన వాడి తలకి టోపీ పెట్టాడు. మామయ్య, "నేనప్పుడే చెప్పాను, పొట్టిదే మంచిదని" అని కనబడ్డవాడికల్లా చెబుతున్నాడు. బ్రేకు టోపీ చేత్తో పట్టుకుని జనంలో ఆమె కోసం వెతుకుతుంటే అమ్మలు లారీ వెనక్కి వెళ్ళి ఏడ్చింది. ధర్మం చేశానని తృప్తేమీ కలగలేదు. సీటు పోయింది, అంతే. చేతులారా పోగొట్టుకుంది. ఆ బాధ ముక్కులోంచీ కళ్ళలోంచీ కారిపోయింది.

ఇంటికొచ్చే దారంతా నాన్న రోడ్డునే చూస్తూ కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. షెడ్డు చేరేసరికి పొద్దు వాలుతోంది. బండి దించారు. నాన్న బానెట్ ఎత్తి గొట్టం చూశాడు, వంగి ఫిల్టర్ చూశాడు, చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"అంటే అను నాన్నా. మనసులో పెట్టుకోకు" అంది అమ్మలు. "నువ్వు నా కోసం చేసిందంతా నేను బూడిదలో పోశాను. అంతేగా?"

"అది కాదే."

గుడ్డని మడిచాడు. మళ్ళీ విప్పాడు.

"బలం సమానమైతే వాడి ముందు నువ్వు నిలబడవనుకున్నాను" అన్నాడు. "అందుకే చేశాను ఆ పని. మీ మామయ్య మీద కోపంతో కాదు. నువ్వు ఓడిపోతావని."

అమ్మలుకి చెంప మీద కొట్టినట్టయింది. మామయ్య నెమ్మదస్తురాలివన్నప్పుడు మండింది. ఇది మండలేదు, లోపలెక్కడో దిగింది. ఆయన అన్నదీ ఈయన అనుకున్నదీ ఒకటే మాట.

"ఎంత తేడాతో ఓడానో విన్నావా?"

"విన్నాను. మూడుసార్లూ విన్నాను."

"నువ్వెప్పుడూ బయటే నిలబడి వింటావ్. నీకు ఇంజను తెలుస్తుంది నాన్నా. నేను తెలియను."

నాన్న గుడ్డ భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. పోనీలే, ఈయనింతే అనుకుని అమ్మలు బంపర్ బోల్టులు విప్పడం మొదలుపెట్టింది. రెండోది విప్పుతుండగా లోపల నిచ్చెన జరిపిన చప్పుడైంది. అటక మీద సామానేదో కిందపడింది.

నాన్న దుమ్ముకొట్టుకుపోయి బయటికి వచ్చాడు. చేతుల్లో పీకేసిన పక్క సీటు. దాన్ని నేల మీద పెట్టి, భుజం మీది గుడ్డతో దులిపాడు. సాలెగూళ్ళు తుడిచాడు. తలుపు తీసి, సీటుని లోపలికి తోసి, కాళ్ళని బెజ్జాల మీదికి చేర్చాడు.

"పానా ఇటివ్వు" అన్నాడు.

అమ్మలు ఇచ్చింది. ఆయన వంగి ఒక్కో బోల్టూ బిగించాడు. మోకాలు నొప్పికి మధ్యలో ఒకసారి ఆగాడు. సీటుని ఊపి చూశాడు. కదల్లేదు. అప్పుడు ఎక్కి కూర్చుని, బెల్టు ఎక్కడుందో తెలియక తడుముకుంటుంటే అమ్మలు అటు తిరిగి వచ్చి లాగి పెట్టింది.

ఇంజను స్టార్ట్ చేసింది. వీధిలో ఎవరూ లేరు.

"మెల్లగా వెళ్ళనా?" అని అడిగింది.

నాన్న ముందున్న పట్టీని రెండు చేతులా పట్టుకున్నాడు.

"వద్దు. పొద్దున్నలా కాదు, మధ్యాహ్నం తోలావే, అలా తోలు" అన్నాడు.